ఉలకని జాతి

పిరికమ్మ చచ్చిపోయిన రోజు నుంచి మస్తానమ్మ ఇంట్లో కుక్కలు మనిషి అలికిడికి మొరగడం మానేశాయి.

మానేశాయంటే పూర్తిగా మానేశాయి. ఉదయగిరి కొండ కింద ఆ ఇంటి గేటు మీద చెయ్యి వెయ్యాలంటే ఒకప్పుడు మొనగాళ్లకు కూడా గుండె జారేది. ఇప్పుడు పాలవాడు నేరుగా వంటింటి గుమ్మం దాకా వచ్చి గిన్నె పెట్టమంటున్నాడు. కరెంటు బిల్లు కొట్టే మనిషి మీటరు చూసుకుని, కుండలో నీళ్లు ముంచుకు తాగి, తీరుబడిగా వెళ్లిపోతున్నాడు. కుక్కలు మాత్రం పెరట్లో గరిటెలు చెక్కడానికి ఆరబెట్టిన కొయ్య పలకల మీద వరసగా కూర్చుని, వచ్చినవాడికి వీపు పెట్టి, కొండ మీది కోట వైపు చూస్తున్నాయి. ఎంతసేపైనా అలాగే చూస్తాయి. అక్కడ ఏముందని? పగిలిన గోడలు, ముళ్లకంప, ఎండ.

"దిగులు పెట్టుకున్నాయిలే. ముసిల్ది పోయింది గదా" అని మస్తానమ్మ అడిగినవాళ్లకు చెప్పేది. ఆ మాట ఆమెకే నమ్మబుద్ధి కాలేదు. పిరికమ్మ కూడా ఆ ఇంటి కుక్కే, అయినా బతికున్నన్నాళ్లూ దాన్ని ఒక కుక్కగా లెక్కేసిన మనిషి లేడు.

అక్కడి కుక్కలది మామూలు పుట్టుక కాదు మరి. మస్తానమ్మ మామగారి కాలం నుంచి ఒకటే జాతి. ఒళ్లంతా తెలుపు, ఒక కన్ను నలుపు, ఒకటి పిల్లికన్ను. ఫిరంగి జాతి అంటే కలిగిరి దాకా పేరు. ఆ పేరు ఊరికే రాలేదు. పిల్లలకు కాళ్లు నిలదొక్కుకోగానే వాటిని పాలు పోసిన సత్తు తట్ట ముందు నిలబెట్టి, వెనక లక్ష్మీబాంబు పేల్చేవాళ్లు. అదిరిపడి పరుగు తీసిన పిల్ల పిరికిది. దాన్ని గంపలో పెట్టుకుపోయి ఏ సంతలోనో వదిలేసి రావడమే. తోక కూడా కదల్చకుండా పాలు తాగుతూ నిలబడ్డది ఫిరంగి. దాన్నే ఉంచుకునేవాళ్లు, పిల్లల కోసం దాన్నే దాటించేవాళ్లు. అది కూడా ఆ ఇంట్లోనే పుట్టిన ఇంకో ఫిరంగితో. "బయటి నెత్తురు కలిస్తే ధైర్యం పలచబడిపోతాది" అనేవాడు మస్తానమ్మ మొగుడు పెంచలనరసయ్య. ఆయన పోయాక ఆ మాట ఆమె పుచ్చుకుంది. మాట ఒక్కటేనా, మీసం తప్ప ఆయన పొగరంతా పుచ్చుకుంది.

పిరికమ్మ ఆ పరీక్షలో తప్పిన పిల్ల. బాంబు పేలగానే నరసయ్య పంచెలో దూరి గడగడ వణికిందట. ఎందుకో దాన్ని వదిలిపెట్టడానికి ఆయనకు చేతులు రాలేదు. పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ చేయించి ఇంట్లోనే ఉంచుకున్నాడు. అదేమో ఆకు రాలినా లేచి మొరిగేది. అది లేస్తే మిగతావన్నీ లేచేవి, అది మొరిగితే అన్నీ మొరిగేవి. "సిగ్గు లేనిదానా, అందరినీ చెడగొడతావు" అని మస్తానమ్మ చేతిలో ఉన్న గరిటె విసిరేది. చచ్చేదాకా దానికి ఆ తిట్లే మిగిలాయి.

అలా ఇల్లు మూగబోయి ఉన్న రోజుల్లో ఒక మిట్టమధ్యాహ్నం ఓబమ్మ వచ్చింది. కొండ వారన గొర్రెలు మేపుకునే మనిషి. ఆమె దగ్గరున్నది కూడా ఫిరంగి కుక్కే, మస్తానమ్మ ఇచ్చిన పిల్లే. గేటు కిర్రుమన్నా పలకల మీది కుక్కలు తల తిప్పలేదు. ఓబమ్మ అరుగు మీద కూలబడి కొంగుతో మొహం తుడుచుకుంది.

"సూడిగొర్రెను ఎత్తకపోయింది మే, చిరుత. పట్టపగలు."

"నీ కుక్క ఏం జేస్తుండింది అప్పుడు?"

"నిద్దరపోతుండింది. గొర్రెలన్నీ అరుచుకుంటా వచ్చి నా మింద పడినాయి. నేను గొంతు పగిలేట్టు అరిచినాను. దాని పక్కనించే, ఇదో ఈ అరుగంత దూరంలో ఈడ్చకపోయింది. నీ కుక్క కన్ను తెరిస్తే ఒట్టు."

"నా కుక్కను అనబాక. నువ్వు సరిగ్గా కూడు పెట్టినావా దానికి?" అని మస్తానమ్మ ఇంతెత్తున లేచింది.

ఓబమ్మకు కోపం రాలేదు. మస్తానమ్మకు మొదట భయం వేసింది అక్కడే. ఓబమ్మ మాట పడే మనిషి కాదు, నోరు చేసుకోకుండా ఊరుకునే మనిషీ కాదు. ఆమె గొంతు తగ్గించి కుక్కల వైపు చూసింది.

"కూటి సంగతి గాదు మే. చెప్తే నవ్వబాక. కోట మిందనించి ఎవురో పిలుస్తుండారు. నీ జాతి జాతంతా ఆ పిలుపే ఇంటుండాది. చూడు, ఎట్టా కూసోనుండాయో! ఆ పిలుపు చెవిన పడినాక ఇంక మన మాట యాడ ఎక్కతాది?"

మస్తానమ్మ నవ్వబోయింది గానీ నవ్వు రాలేదు. కొండ మీద గాలి లేదు, పక్షి లేదు. పలకల మీద తెల్లటి వీపులు వరసగా ఉన్నాయి. ఉన్నట్టుండి చివర కూర్చున్న కుక్క తల ఎడమకు తిప్పింది. దాని వెంట పక్కది తిప్పింది, దాని వెంట ఇంకోటి. అన్నీ అటే చూస్తున్నాయి. అటు ఎవ్వరూ లేరు. ఓబమ్మ గబగబా లేచి, చెప్పులు అరుగు కిందే మరిచిపోయి వెళ్లిపోయింది.

మర్నాడు మస్తానమ్మ అనుమసముద్రంపేట పోయి దర్గాలో తాయెత్తులు తెచ్చి కుక్కల మెడలకు కట్టింది. ఏమీ మారలేదు. ఇంతకుముందు తెల్లటి మెడలు కోట వైపు తిరిగి ఉండేవి, ఇప్పుడు నల్లదారాలు కట్టిన తెల్లటి మెడలు కోట వైపు తిరిగి ఉన్నాయి. ఆమెకు రాత్రిళ్లు నిద్ర పట్టేది, పగలే గుండె దడదడలాడేది. ఎండ ముదిరేకొద్దీ పెరట్లోకి పోవాలంటే కాళ్లు వెనక్కి లాగేవి. గుర్తు తెచ్చుకోకూడదని మొండికేసిన మాట ఒకటుంది. అదే పదే పదే గుర్తొచ్చేది.

కిందటి వేసవిలో ఒక ఫిరంగి పిల్లకు సూది వేయించడానికి ఆత్మకూరు తీసుకుపోయింది. డాక్టరమ్మ కరుణశ్రీ చిన్న వయసు పిల్ల. ఆమె సూది వేసి, ఏదో అనుమానం వచ్చినట్టు కుక్క వెనక్కి పోయి చప్పట్లు కొట్టింది. తర్వాత స్టీలు ట్రే కింద పడేసింది. గది దద్దరిల్లింది. కుక్కపిల్ల గోడ మీది బల్లిని చూస్తూ కూర్చుంది.

"అమ్మా, దీనికి వినపడదు" అంది కరుణశ్రీ. "ఒకే ఇంట్లో పుట్టినవాటిని మళ్లీ మళ్లీ దాటిస్తే లోపల దాగున్న లోపాలు ఇట్లా బయటపడతాయి. ఈ తెల్లవాటిలో చెవుడు మరీ ఎక్కువ. దయచేసి ఈ జాతికి ఇంక పిల్లలు పెట్టించొద్దు. పుట్టేవాటికి అన్యాయం చేసినట్టు అవుతుంది."

మస్తానమ్మ ఆస్పత్రి అంతా వినపడేట్టు నవ్వింది. "నీ చప్పట్లకు ఉలికితే అది ఫిరంగి జాతి ఎట్టా అవతాది తల్లీ? బాంబులకే ఉలకదది!"

డాక్టరమ్మ మొహం ఎర్రబడింది, అయినా వదల్లేదు. "సరే, పసిబిడ్డలున్న ఇంటికి మాత్రం ఇవ్వొద్దు. వినపడని కుక్కను నిద్రలో తాకితే, తాకిందేంటో తెలియక కరిచేస్తుంది. దాని తప్పు కాదది. లేపాలంటే దూరంగా నిలబడి, అది పడుకున్న చోటును గట్టిగా తట్టండి. ఆ అదురుకు లేస్తుంది."

మస్తానమ్మ ఏం చేసింది? ఆ పిల్లనే ఆ సాయంత్రమే అదే ఆత్మకూరులో కూతురు మధులత ఇంట్లో వదిలేసి బస్సెక్కింది. మధులత ఒళ్లో అప్పుడు నెలల పాప.

ఎందుకంటే ఆమె లెక్కలు ఆమెకున్నాయి. అల్లుడు సురేంద్రబాబు లారీ మీద పోతే ఎప్పుడొస్తాడో తెలియదు. ఒంటరిగా ఉండే ఆడకూతురికి తోడు ఉండొద్దూ? అల్లుడంటే పరాయివాడు కాదు, మస్తానమ్మ సొంత తమ్ముడే. బిడ్డను బయటికెందుకివ్వాలి, మన నెత్తురు మనలోనే ఉండాలని పట్టుబట్టి చేసిన పెళ్లి అది. ఆ మాటకొస్తే నరసయ్య ఆమెకు మేనత్త కొడుకు, నరసయ్య తల్లిదండ్రులూ మేనమామ, మేనకోడలే. ఆ ఇంట్లో ఎవరికీ బయటి సంబంధం చూడలేదు.

దీపావళికి ఆమె ఆత్మకూరు పోయింది. వీధిలో వెయ్యివాలా కాలిస్తే ఇరుగుపొరుగు బిడ్డలు గుక్కపట్టి ఏడ్చారు. మధులత పాప ఉయ్యాల్లో మూసిన కన్ను తెరవలేదు. మస్తానమ్మ మురిసి ముక్కలైపోయి వీధి వీధినంతా పిలిచి చూపించింది. "చూసినారా, ఉలకలా! నా మనమరాలు ఫిరంగి జాతి!" అందరూ నవ్వారు. ఉయ్యాల కింద కుక్క కూడా హాయిగా నిద్రపోయింది.

ఇక లాభం లేదని ఒక రోజు మధ్యాహ్నం మస్తానమ్మ కూటి తట్ట, కొయ్య గరిటె తీసుకుని పెరట్లోకి నడిచింది. నరసయ్య బతికున్న రోజుల నుంచీ తట్ట మీద గరిటెతో కొడితే చాలు, కుక్కలన్నీ ఉరికొచ్చేవి. అందరికంటే ముందు పిరికమ్మ, దాని వెనక మిగతావి. పిరికమ్మ పోయినప్పటి నుంచి ఆమె, పాపం దిగులుతో ఉన్నాయని, కూడు వాటి ముందుకే మోసుకుపోయి పెడుతోంది. ఈ రోజు పోలేదు. వాటి వెనకే నిలబడి తట్ట వాయించింది.

గోడ మీది పిల్లి దూకి పారిపోయింది. కుక్కలు కదల్లేదు. ఒక్కోదాన్ని పేరు పెట్టి పిలిచింది. చివరికి ఓపిక నశించి, "రారే! రండే!" అని కడుపులోంచి అరిచింది.

కొండ మీద నుంచి ఎవరో "రండే" అన్నారు.

మస్తానమ్మ చేతిలో గరిటె జారిపోయింది. కాసేపటికి గుండె చిక్కబట్టుకుని మళ్లీ అరిచింది. కోట గోడల్లోంచి మళ్లీ అదే పిలుపు, ఆడగొంతు, కాస్త ఆలస్యంగా. అది తన గొంతే. కోట మీద నుంచి పిలుస్తున్నది ఇంకెవరో కాదు, తనే. కుక్కలకు ఈ పిలుపూ వినపడలేదు, ఆ పిలుపూ వినపడలేదు.

ఇంట్లోకి పోయి అటక మీద వెతికితే దీపావళి నాటి లక్ష్మీబాంబు దొరికింది. వాటి వెనక నేల మీద పెట్టి, వత్తి అంటించింది. అది పేలిన దెబ్బకు పక్కింటివాళ్లు "ఎవురురా అది!" అని కేక వేశారు. ఆమె చెవులు గింగుర్లెత్తాయి. పలకల మీద ఒక్క చెవి కదల్లేదు. ఈ దృశ్యాన్ని ఆమె ఎన్ని ఈతల్లో చూసింది! చూసిన ప్రతిసారీ రొమ్ము విరుచుకుంది.

ఆమె మెల్లగా పోయి పలక చివర కాలు మోపింది. పలక కదలగానే తలలన్నీ ఒక్కసారిగా ఆమె వైపు తిరిగాయి. నల్ల కళ్లు, పిల్లికళ్లు. నువ్వెప్పుడొచ్చావన్నట్టు తోకలు ఊపాయి. అన్నీ ఆమె మీదికి ఎగబడి చేతులు నాకాయి.

మస్తానమ్మ అక్కడే చతికిలపడి ఏడ్చింది. వినపడే పిల్లలన్నిటినీ పిరికివని సంతల్లో పారేశారు. వినపడనివాటిని ఏరి ఏరి దాటించి, మందల కాపలాకు ఇచ్చారు. ఇన్నాళ్లూ ఈ ఇంటికీ ఈ కుక్కలకూ చెవులు ఒక్క పిరికమ్మవే. దాన్ని గరిటెలతో కొట్టింది తను. "తల్లీ, నిన్నా నేను తిట్టింది" అని గొణుక్కుంటూ కళ్లు తుడుచుకుంటుంటే, తుడుచుకునే చెయ్యి అక్కడే ఆగిపోయింది. ఆత్మకూరులో కుక్క. ఆ ఇంట్లో పాప.

మధులతకు ఫోన్ చేసింది. స్విచాఫ్. మళ్లీ చేసింది, మళ్లీ అదే. తమ్ముడికి చేసింది. లారీల మోతలోంచి సురేంద్రబాబు గొంతు వినపడింది.

"అక్కా, లోడింగులో ఉండా. చెప్పు."

"మధు ఫోను ఎత్తడంలా."

"పొద్దుటినించి కరెంటు లేదంట ఆత్మకూరులో. ఛార్జింగు అయిపోయుంటాది. ఏందక్కా?"

"పగటిపూట కుక్క యాడ పడుకుంటాది?"

"యాడేంది, నువ్విచ్చిన బల్లమంచం మిందే. పాపకూ దానికీ అదే చోటు. ఇప్పుడు లేచి నిలబడుతుండాది గదా, పోయి దాని చెవులు పట్టుకోని లాగతాది" అని నవ్వాడు.

"నవ్వబాకరా! పక్కింటోళ్లకు చెప్పి దాన్ని కట్టెయ్యమను."

"వాళ్లు పెళ్లికి పోయినారక్కా. ఏమైంది? కుక్కకు ఏమన్నా పిచ్చిగిచ్చి..."

కుక్క చెవిటిదని మాత్రం ఆమె చెప్పలేదు. "నేనే పోతుండా" అని ఫోన్ పెట్టేసి, చీర కూడా మార్చుకోకుండా బస్టాండుకు పరుగెత్తింది.

ఆత్మకూరు మీదుగా పోయే నెల్లూరు బస్సులో కిటికీ పక్కన కూర్చుంది. ఎండకు రోడ్డు మీద మనిషి పురుగు లేడు. కాస్త దూరం పోయాక డ్రైవరు హారన్ కొట్టడం మొదలుపెట్టాడు. కొడుతూనే ఉన్నాడు. రోడ్డు మధ్యలో తెల్ల కుక్క ఒకటి పడుకుని ఉంది. "దీని పొగరు గాల! లెయ్యదే!" అని తిట్టుకుంటూ బస్సును పక్కకు దించి పోనిచ్చాడు. చక్రాల అదురుకు కుక్క తలెత్తింది. కిటికీ కిందుగా పోతున్నప్పుడు మస్తానమ్మ దాని మొహం చూసింది. ఒకటి పిల్లికన్ను. ఎవరికిచ్చిన పిల్లో ఆమెకు గుర్తు రాలేదు.

అప్పుడే ఫోన్ మోగింది. మధులత అనుకుని ఎత్తితే, కలిగిరిలో మామిడితోట ఉన్న శ్రీకృష్ణ. "అక్కా, ఈసారి ఈతలో మంచి ఫిరంగి పిల్ల నాకే ఇయ్యాల."

"ఇంక ఈతలు లేవు నాయనా" అంది మస్తానమ్మ. బస్సులో అందరూ ఉన్నారని కూడా చూడలేదు. "అవి చెవిటి కుక్కలు. మేమే అట్టా తయారుజేసినాము. అన్నిటికీ ఆపరేషన్ చేయించేస్తా."

అవతల శ్రీకృష్ణ పెద్దగా నవ్వాడు. "ఇయ్యకపోతే ఇయ్యనని చెప్పక్కా, చెవుడేంది! ఉలకనిదే మాకు కావాల్సింది." ఆమె ఫోన్ కట్టేసింది. అనుమసముద్రంపేటలో దర్గాకు వచ్చినవాళ్లు ఎక్కి బస్సు కిక్కిరిసిపోయింది. దేవుడా, బిడ్డకు ఏమీ కాకుండా చూడు, ఆ మొహం మీద గాటు పడకుండా చూడు అని ఆమె పేరు తెలిసిన దేవుళ్లందరికీ మొక్కుకుంది. జాతి పేరు పోతే పోనీ, బిడ్డ ఉంటే చాలు.

ఆత్మకూరులో ఇంకా కరెంటు రాలేదు. ఫ్యాన్లు లేవు, టీవీలు లేవు, వీధి వీధంతా నోరు మూసుకుని ఉంది. మధులత ఇంటి తలుపు ఓరగా తెరిచి ఉంది. బయటి వెలుగులోంచి వచ్చిన మస్తానమ్మకు లోపల ముందు తెలుపొక్కటే కనిపించింది. బల్లమంచం మీద కుక్క ఒత్తిగిలి నిద్రపోతోంది. తర్వాత పాప కనిపించింది. గుమ్మానికి వీపు పెట్టి, మంచం పట్టెకు పొట్ట ఆనించి నిలబడి ఉంది. చేతిలో ఉదయగిరి కొయ్య గరిటె. దాన్ని కుక్క మూతి మీద ఆడించడానికి పైకెత్తుతోంది.

"బుజ్జీ!" అని మస్తానమ్మ ప్రాణం పెట్టి అరిచింది.

కుక్క కదల్లేదు. గరిటె ఇంకాస్త పైకి లేచింది.

"బుజ్జీ! వద్దమ్మా! ఇటు చూడు!" ఎదురింట్లో కిటికీ తెరుచుకుంది. వీధి మలుపులో ఎవరో ఆగి చూశారు. పాప నున్నటి మెడ అలాగే ఉంది.

మస్తానమ్మ మంచం అవతలి కొసకు దూకి, బల్ల మీద అరచేత్తో ఫట్టున చరిచింది. బల్ల అదిరింది. కుక్క కళ్లు తెరిచి తలెత్తి ఆమె వైపు తిరిగింది. అదే క్షణంలో పాప కూడా ఆమె వైపు తిరిగింది. రెండు మొహాలూ ఒక్కసారే తిరిగాయి. కుక్క తోక ఊపింది. పాప చిన్ని పళ్లన్నీ బయటపెట్టి నవ్వింది.

ఒక్క అంగలో పాపను ఎత్తి రొమ్ముకు అదుముకుంది. చేతులు, బుగ్గలు, వేళ్లు తడిమి తడిమి చూసింది. ఎక్కడా గీత లేదు. "అమ్మయ్య, అమ్మయ్య" అని ఆమె అంటుంటే పాప తల వెనక్కి వాల్చి, ఆ కదిలే పెదాలనే రెప్ప వెయ్యకుండా చూసింది. తర్వాత చిన్ని వేలు తెచ్చి అవ్వ పెదాల మీద పెట్టింది.

మస్తానమ్మ పెదాలు అక్కడే ఆగిపోయాయి.

పెరటి తలుపు తోసుకుని మధులత తడి బట్టల బకెట్‌తో లోపలికొచ్చింది. "ఏందమ్మా ఆ అరుపులు? బోరింగు కాడికి వినపడతుండాయి. పాప ఉలికిపడదా?"

"ఉలకలా మధూ" అంది మస్తానమ్మ. ఆమె గొంతు ఆమెకే ఎక్కడి నుంచో వచ్చినట్టుంది. "పాప ఉలకలా."

"ఎందుకు ఉలుకుతాది?" బకెట్ కింద పెట్టి మధులత నవ్వింది. "ఫిరంగి జాతి గదా!"